గుమాస్తా వ్రాసిన పరారీల గ్రంథము



1872వ సంవత్సరమున అమెరికా దేశపు ఫిలడెల్ఫియా నగరమునందు ఇంచుమించు ఎనిమిదివందల పుటలును, డెబ్బది చిత్రములును గల యొక బృహద్గ్రంథము వెలువడెను. దాని పేరు ‘భూగర్భ రైలుమార్గము’. రచయిత విలియం స్టిల్. పేరు చూచి ఇది ఇంజనీర్లు చదువదగిన శాస్త్రగ్రంథమని యెవరును భ్రమపడనక్కరలేదు. ఆ మార్గమునకు పట్టాలు లేవు, పొగబండి లేదు, భూగర్భముతో సంబంధము అంతకన్నను లేదు. దక్షిణ రాష్ట్రములలో బానిసలై అంగళ్లలో అమ్ముడుపోవుచుండిన నల్లజాతి స్త్రీపురుషులు, యజమానుల కన్నుగప్పి, రాత్రులందు నడచియు, ఓడల అడుగున దాగియు, మారువేషములు ధరించియు ఉత్తరమునకును, అచ్చటినుండి కెనడాకును పారిపోవునప్పుడు, వారికి తోడ్పడిన గృహస్థులును, ఓడవారును, రేవుకూలీలును, మతాచార్యులును తమలో తామేర్పరచుకొన్న రహస్యబంధమే ఆ రైలుమార్గము. ఆశ్రయమిచ్చిన యిల్లు స్టేషను, దారిచూపినవాడు కండక్టరు, పారిపోవువాడు ప్రయాణికుడు.

ఇట్టి పలాయనకథలు ప్రతి దేశమునను కలవు. వానిని చదువువారికి కొదువయు లేదు. ఐనను ఈ గ్రంథము నా దృష్టిలో వానినన్నిటిని మించినదగుటకు కారణము, ఇది సాహసికుడొకడు తన సాహసమును చెప్పుకొన్న పుస్తకము గాక, ఒక కచేరి గుమాస్తా పదునాలుగేండ్లు ఓపికతో వ్రాసి దాచిన చిట్టాలలోనుండి పుట్టిన పుస్తకమగుటయే.

స్టిల్ 1821లో న్యూజెర్సీ రాష్ట్రమున పదునెనిమండుగురు బిడ్డలలో కడగొట్టువాడుగా జన్మించెను. తండ్రి, శ్రమపడి కూడబెట్టిన ధనమును యజమానికి చెల్లించి తన్ను తాను కొనుక్కొన్నవాడు; తల్లి మేరీలాండునుండి పారిపోయి వచ్చిన యిల్లాలు. బడిచదువు బహుస్వల్పము. 1844లో ఫిలడెల్ఫియా చేరి, చేతికి దొరికిన కూలి పనులెల్ల చేసి, 1847లో ఐదవ వీథియందలి పెన్సిల్వేనియా దాస్యవ్యతిరేక సంఘమువారి కార్యాలయములో, వారమునకు 3 డాలర్ల 75 సెంట్ల జీతముమీద, గదులూడ్చుటకును టపా చూచుటకును కుదిరెను. 1852లో పరారీలకు సాయపడు సంరక్షక సంఘమును తిరిగి నెలకొల్పినప్పుడు దాని కార్యవర్గమునకు అధ్యక్షుడైనవాడును ఈతడే. గదులూడ్చుటకు వచ్చినవాడు అయిదేండ్లలో ఆ నగరమునకు చేరిన ప్రతి పరారీకిని మొదటి దిక్కయ్యెను.

ఆ కాలపు శాసనమెట్టిదో రెండు మాటలలో చెప్పక తప్పదు. 1850లో అమెరికా కాంగ్రెసు పరారీ బానిసల చట్టమును చేసెను. దాని ప్రకారము దక్షిణదేశపు యజమాని స్వతంత్ర రాష్ట్రములలోనికి వచ్చి, వీడు నా బానిసయని ప్రమాణము చేసి, మనిషిని పట్టుకొని పోవచ్చును. పట్టుబడినవానికి తన పక్షమున సాక్ష్యము చెప్పుకొను హక్కు లేదు. జూరీ విచారణ లేదు. పరారీకి అన్నము పెట్టినను, చోటిచ్చినను వేయి డాలర్ల వరకు జుల్మానా, ఆరుమాసముల వరకు కారాగారము. ఇక విచారణ జరుపు కమిషనరునకు ప్రతిఫలమో, బానిసయని తీర్పుచెప్పిన 10 డాలర్లు, స్వతంత్రుడని విడిచిన 5 డాలర్లు! బానిసయని తేల్చినప్పుడు కాగితములెక్కువ వ్రాయవలసి వచ్చునని ఆ చట్టకర్తలు సమర్థించుకొనిరి. న్యాయమునకింత నిస్సంకోచముగా వెలకట్టిన శాసనము చరిత్రలో మరియొకటి ఉన్నదో లేదో పండితులు చెప్పవలెను.

ఈ చట్టము నెత్తిమీద వ్రేలాడుచుండగా స్టిల్ చేసినదేమన, తన కార్యాలయమునకు చేరిన ప్రతి ప్రయాణికుని కూర్చుండబెట్టి ప్రశ్నించి వ్రాసికొనుట. పేరేమి? వయస్సెంత? మేనిచాయ యెట్టిది? ఏ ఊరినుండి వచ్చితివి? యజమాని యెవరు, ఎట్లు చూచెను? ఎట్లు తప్పించుకొంటివి? వెనుక నెవరిని విడిచి వచ్చితివి? ఇకమీదట ఏ పేరు పెట్టుకొందువు? పాత పేరును క్రొత్త పేరును ప్రక్కప్రక్కన వ్రాసిన ఇట్టి వృత్తాంతములు ఎనిమిదివందలకు తక్కువ గాక అతని చేతిమీదుగా లిఖితములైనవి. పోలీసులకు చిక్కెనేని ఇన్ని ప్రాణములకు ముప్పు తెచ్చు కాగితములను బుద్ధిమంతుడెవడైన వ్రాయునా యని మీకు సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము అతని యింటి కథలోనే కలదు.

స్టిల్ తల్లి మొదటిసారి నలుగురు బిడ్డలతో పారిపోయి పట్టుబడినది. రెండవమారు, నలుగురిని మోయుట అసాధ్యమని గ్రహించి, నిద్రించుచున్న ఇరువురు మగబిడ్డలను ముద్దాడి, ఆడుబిడ్డల నిద్దరిని మాత్రము వెంటబెట్టుకొని వెడలిపోయినది. ఆ మగబిడ్డలు లెవిన్, పీటర్, పీటరునకప్పటికి ఆరేండ్లు. ఇరువురును కెంటకీకిని, అటుతరువాత అలబామాకును విక్రయింపబడిరి. లెవిన్ కొరడాదెబ్బలకు గురియై అలబామాలోనే మరణించెను. పీటర్ నలువదేండ్లకు పైగా దాస్యము చేసి, టస్కంబియా పట్టణమున దుకాణము పెట్టుకొన్న జోసెఫ్ ఫ్రీడ్మన్ అను యూదుని నమ్మి, తాను దాచిన 500 డాలర్లతో అతనిచేత తన్ను కొనిపించుకొని, బంధనము వదలించుకొనెను. చిన్ననాడు విన్న తల్లిదండ్రుల పేర్లు దప్ప వేరాధారము లేనివాడై, 1850 ఆగస్టులో ఫిలడెల్ఫియాకు వచ్చి, దాస్యవ్యతిరేక సంఘపు కార్యాలయమున టపా కట్టలు కట్టుచున్న యువకుని యెదుట కూర్చుండి తన కథ చెప్పుకొనెను. తండ్రి పేరు లెవిన్ అనియు, తల్లి పేరు సిడ్నీ అనియు ఆ వృద్ధుడు పలుకగా, ప్రశ్నలడుగుచుండిన గుమాస్తాకు ఎదుట కూర్చున్నవాడు తాను పుట్టకమునుపే పోయిన అన్నయని తెలిసెను! తల్లి అప్పటికింకను న్యూజెర్సీలో జీవించియే యున్నది.

ఇంతటి సంఘటనను నవలాకారుడెవడైన కల్పించియుండినచో మనము పెదవి విరిచియుందుము. కాని స్టిల్ దానినుండి గ్రహించిన పాఠము కచేరి గుమాస్తా గ్రహింపదగినది: వ్రాసిపెట్టనిదే ఎవరినెవరును తిరిగి కనుగొనలేరు. తండ్రి యొకచోట, బిడ్డలు మరియొకచోట, పేర్లు మారి, ఊళ్లు మారి చెల్లాచెదరైన జనమునకు ఇంటిపేరును వంశవృక్షమును ఈ చిట్టాయే యని అతడు నిశ్చయించుకొనెను. ఆ కాగితములు ప్రమాదహేతువులైనప్పుడు వానిని లెబనన్ శ్మశానవాటికయందలి కట్టడములో దాచియుంచెను.

పీటర్ కథ అంతటితో ముగియలేదు. భార్య వైనాయు ముగ్గురు బిడ్డలును ఇంకను అలబామాలోనే యుండిరి. సెత్ కాంక్లిన్ అను తెల్లవాడు, పీటరుతో చుట్టరికమును లేదు, పూర్వపరిచయమును లేదు, తానే వారిని తెత్తునని బయలుదేరి, 1851లో వారిని పడవలో దాచి టెనెసీ నదినుండి ఒహాయో నదికిని, అచ్చటినుండి వాబాష్ నదికిని ఏడు రాత్రింబవళ్లు తెడ్లు వేసికొనుచు స్వతంత్రభూమియైన ఇండియానా చేర్చెను. స్వతంత్రభూమియనుమాటయే గాని, ఆ చేరువనే అందరును పట్టుబడిరి. తిరిగి తీసికొని పోవుచుండగా కాంక్లిన్ సంకెలలతో నీటమునిగి చచ్చి తేలెను, తలయెముక పగిలియుండెను. యజమాని ఆ నలుగురికి 5,000 డాలర్లు వెల చెప్పగా, పీటర్ ఊరూర తిరిగి సభలలో తన గోడు చెప్పుకొని ఆ ధనమును పోగుచేసి 1854లో భార్యాబిడ్డలను కొనుక్కొనెను. స్టిల్ తన గ్రంథమును ఈ కాంక్లిన్ వృత్తాంతముతోనే ప్రారంభించినాడు. విజయగాథలు కుప్పలుగా నుండగా, విఫలమైన ప్రయత్నమునకు ప్రథమస్థానమిచ్చిన గ్రంథకర్త మనస్సెట్టిదో మీరే యూహింపుడు.

ఇక జనులెక్కువగా నెరిగినది పెట్టెలో వచ్చిన హెన్రీ బ్రౌను కథ. వర్జీనియాలోని రిచ్మండు నగరమున పొగాకు కర్మాగారమున పనిచేయు ఈ బానిస, భార్యను బిడ్డలను తన కన్నులయెదుటనే ఉత్తర కెరొలైనాకు అమ్మివేయగా, ఇక పోగొట్టుకొనుటకేమియు లేనివాడయ్యెను. 1849 మార్చిలో మూడడుగుల పొడవును, రెండడుగుల వెడల్పును, రెండడుగుల ఎనిమిదంగుళముల లోతును గల కొయ్యపెట్టెలో ముడుచుకొని కూర్చుండి, కొన్ని బిస్కత్తులు, తిత్తిలో కొంచెము నీరు, గాలికి రంధ్రము చేసికొనుటకొక బరమా దగ్గర పెట్టుకొని, శామ్యూల్ స్మిత్ అను తెల్లజాతి చెప్పుల వర్తకునిచే మూత కొట్టించుకొని, పార్సెలుగా ఫిలడెల్ఫియాకు పంపబడెను. ‘ఈ వైపు పైన’ అని వ్రాసియున్నను కూలీలు చదువవలెనన్న నియమమేమున్నది? స్టీమరులో కొంతసేపు పెట్టె తలక్రిందులుగా నుండెను. నెత్తురు తలకెక్కి కన్నులు ఉబ్బి, చావు తప్పదనుకొనుచుండగా, కూర్చుండుటకు చోటు కావలెనని ప్రయాణికులిద్దరు దానిని దొర్లించిరట. ఇంచుమించు 27 గంటల పిమ్మట పెట్టె తెరచినప్పుడు అచ్చట నిలిచియున్న కొలదిమందిలో స్టిల్ ఒకడు. బ్రౌను లేచి, వారి చేతులు పట్టుకొని పలుకరించి, బైబిలులోని కీర్తన యొకటి పాడెను.

ఈ కథకు తోక యొకటి కలదు. దానిని సభలలో చెప్పువారు సాధారణముగా విడిచిపెట్టుదురు. బ్రౌను వృత్తాంతము పత్రికలకెక్కి ప్రసిద్ధమైనందున ఆ దారి మూతబడినది. స్మిత్ మరి యిద్దరిని అట్లే పంపబోయి పట్టుబడి అనేక సంవత్సరములు కారాగారమున మ్రగ్గెను. తానును పరారీయైన ఫ్రెడరిక్ డగ్లస్, ఇట్టి ఉపాయములను చాటింపువేయుట వెనుకవచ్చువారి కాళ్లు నరకుటయేయని తన ఆత్మకథలో నిష్ఠురముగా వ్రాసినాడు. ఆ నిష్ఠురము న్యాయమైనదని నా యభిప్రాయము. స్టిల్ తన దస్త్రములను ఒక్క పుటయైన బయటపెట్టక, అంతర్యుద్ధము ముగిసి, 1865లో దాస్యము రాజ్యాంగసవరణచే రద్దయి, ఇంకను ఏడేండ్లు గడచినపిమ్మట గాని అచ్చువేయలేదు. తన దగ్గరనున్నదెంతటి కథాభాండారమో ఎరిగియు అన్నేండ్లు నోరు మెదపకుండుట సామాన్యుని పనికాదు.

జార్జియాలోని మేకన్ పట్టణమునుండి వచ్చిన విలియం, ఎల్లెన్ క్రాఫ్టు దంపతుల కథయు ఇట్టిదే. ఎల్లెన్ తండ్రి తెల్లవాడగుటచే ఆమె మేనిచాయ తెలుపు. 1848 డిసెంబరులో ఆమె పురుషవేషము ధరించి, చికిత్సకై ఉత్తరమునకు పోవుచున్న రోగిష్ఠి జమీందారుగను, భర్త ఆమెకు బానిసగను బయలుదేరిరి. విరాటుని కొలువున అర్జునుడు బృహన్నల యైన కథ మనమెరిగినదే. ఇచ్చట స్త్రీ పురుషుడగుటయే గాక, బానిస యజమానియు అయ్యెను. ఆమెకు వ్రాయుట రాదు. సత్రములలో పుస్తకమున సంతకమడుగుదురని కుడిచేతిని మెడకు వ్రేలాడగట్టుకొనెను. గడ్డము మీసములు లేవని దవడకు కట్టు కట్టుకొనెను. కన్నులు కనబడకుండ రంగుటద్దములు పెట్టుకొనెను. రైలుపెట్టెలో ప్రక్కనే వచ్చి కూర్చున్నవాడు తన యజమానికి మిత్రుడు, తన్ను చిన్ననాటినుండి యెరిగినవాడు! అతడు పలుకరింపగా చెవిటివానివలె నటించి గవాక్షమువైపు చూచుచు కూర్చుండెను. రైళ్లును స్టీమర్లును మారుచు, మంచి హోటళ్లలో దిగుచు, నాలుగు దినములలో క్రిస్మసు నాటి ప్రాతఃకాలమునకు వారు ఫిలడెల్ఫియా చేరిరి. దాగుకొనుచు పోవువానిని జనులు వెదకుదురు గాని, సేవకుని వెంటబెట్టుకొని మొదటితరగతిలో పోవువానినెవరు వెదకుదురు?

నాకెక్కువ నవ్వు తెప్పించినది మాత్రము కప్తాను ఫౌంటెను కథ. 1855 నవంబరులో వర్జీనియాలోని నార్ఫోకు రేవున అతని ఓడలో గోధుమల బస్తాలును, వాని చాటున 21 మంది పరారీలును ఉండిరి. నగరాధ్యక్షుడు అనుమానించి, గొడ్డళ్లును ఈటెలును పట్టిన పరివారముతో ఓడ ఎక్కి, గోధుమలలో ఈటెలు గ్రుచ్చి, పలకలు నరికించి, ఏమియు కానక విసిగియుండెను. అప్పుడా కప్తాను గొడ్డలిని తన చేతికి తీసికొని, ఇంకెచ్చట నరుకవలెనో చూపుడని, చూపిన చోటనెల్ల చెక్కలు ఎగురునట్లు తానే వ్రేయజొచ్చెను. ఇంత ఉత్సాహముగా తన ఓడను తానే పాడుచేసికొనువాని మీద అనుమానమెట్లు నిలుచును? వెదకినందుకు రుసుము 5 డాలర్లు పుచ్చుకొని నగరాధ్యక్షుడు దిగిపోయెను. కప్తాను ఆ రుసుమును మారుమాటలేక చెల్లించి తెరచాపలెత్తించెను.

ఇట్టి ఓడప్రయాణములన్నియు హాస్యముతో ముగిసినవి కావు. ఉత్తర కెరొలైనాలోని విల్మింగ్టను రేవునుండి టర్పెంటైను నింపిన ఓడలో దాగివచ్చిన అబ్రహాము గాలొవే, రిచర్డ్ ఈడెన్ అను వారలకు, ఆ తైలపు ఆవిరులచే చర్మరంధ్రములనుండి నెత్తురు కారెనట. బాల్టిమోరునుండి లియర్ గ్రీన్ అను పదునెనిమిదేండ్ల బాలిక నావికుల పాతపెట్టెలో ముడుచుకొని 18 గంటలు స్టీమరు డెక్కుమీద ప్రయాణించినది. కాబోవు అత్తగారు తోడువచ్చి రాత్రివేళ పెట్టె త్రాళ్లు సడలించి గాలి తగులనిచ్చుచుండెను. బానిసగానుండి వివాహమాడినచో తనకు పుట్టు బిడ్డలును బానిసలే యగుదురని ఆ పిల్ల పెండ్లికి ముందుగా పలాయనమును కోరుకొనినది.

లియర్ గ్రీన్ కథ ప్రక్కనే స్టిల్, ఆమె యజమాని పత్రికలో వేయించిన ప్రకటనను గూడ అచ్చొత్తించినాడు: పట్టితెచ్చినవారికి 150 డాలర్లు బహుమానము. గ్రంథమంతటను అతడు వాడిన నేర్పరితనమిది. ఒకవైపు యజమాని తన సొత్తు పోయెనని ఎత్తు, చాయ, మచ్చలు వర్ణించి ధర ప్రకటించును. మరియొకవైపు ఆ సొత్తే నోరుతెరచి తానెందుకు పోయినదో, ఆ యజమాని యెట్టివాడో సాక్ష్యము చెప్పును. రచయిత మధ్యలో వ్యాఖ్యానింపవలసిన పనియే లేదు. వ్యాఖ్యానింపకుండ అతడు ఊరకుండడనుకొనుడు, అది వేరు మాట.

హారియట్ టబ్మన్ అను మహిళ పేరు మీలో కొందరు వినియుందురు. తాను తప్పించుకొని వచ్చియు, మరల మరల మేరీలాండుకు పోయి, ఇంచుమించు డెబ్బది మందిని వెంటబెట్టుకొని వచ్చిన ధీరురాలు. శనివారము రాత్రి బయలుదేరుట ఆమె కలవాటు. ఆదివారము ప్రకటనలు అచ్చుపడవు గనుక ఒకదినము కలిసివచ్చును. ఆమెను గూర్చి స్టిల్ వ్రాసినది స్వల్పమే. డెలవేరు రాష్ట్రపు విల్మింగ్టనులో ఇనుపసామానుల వర్తకము చేయు థామస్ గారెట్ అను వృద్ధుడు ఆమె రాకను తెలుపుచు వ్రాసిన జాబులను మాత్రము చేర్చినాడు. నడచి నడచి వారి జోళ్లరిగిపోయినవి, బండికి డబ్బిచ్చి పంపితిని, అను ధోరణిలో నుండు ఆ జాబులలో ఆమె మహిమ స్తోత్రపాఠములకన్న నెక్కువగా గోచరించును.

జాబులనగా జ్ఞప్తికి వచ్చినది. కెనడా చేరినవారు స్టిల్‌కు వ్రాసిన జాబులే ఈ గ్రంథమునకు ప్రాణము. రిచ్మండు వేలములో నిలబెట్టబోగా పిడికిళ్లతో పోరాడి పారిపోయి, తొమ్మిది నెలలు అదే నగరమున దాగియుండి, పిదప టొరంటో చేరిన జాన్ హెన్రీ హిల్ అను వడ్రంగి వ్రాసిన లేఖలు పెక్కులున్నవి. అక్షరములప్పుడే నేర్చినవాని వ్రాత, తప్పులతడక. స్టిల్ వానిని అధికముగా దిద్దక విడిచినాడు. చలిని గూర్చి, కూలిని గూర్చి, వెనుకనుండిపోయిన పెట్టెలోని బట్టలను గూర్చి, అన్నిటికంటె ఎక్కువగా భార్యాబిడ్డలను గూర్చి వీరందరు వ్రాయుదురు: మా ఆమెకు వార్త పంపగలరా? పిల్లలను అమ్మివేసిరా? ఎవరైన ఆ ఊరినుండి వచ్చిరా? చిట్టాలో ‘విడిచి వచ్చినవారు’ అను భాగము చదువుచున్నప్పుడు పలాయనము సాహసమని మెచ్చుకొను మన యుత్సాహము కొంత తగ్గును. తప్పించుకొన్న ప్రతివాని వెనుకను తప్పించుకొనలేని ముగ్గురో నలుగురో ఉండిరి. జనాభా లెక్కల ప్రకారము 1860 నాటికి ఆ దేశమున బానిసలు ఇంచుమించు నలువది లక్షలు; ఈ మార్గమున పోయినవారు వారిలో అత్యల్పసంఖ్యాకులు.

గ్రంథమున దోషములు లేవనను. క్రమము సరిగా లేదు. ఒక యోడ కథ మధ్యలో తెగి నూరు పుటల తరువాత తేలును. స్టిల్ శైలి ఆనాటి ప్రార్థనామందిరపు ఉపన్యాసధోరణికి లొంగినది. మూడుమాటలతో పోవుచోట ముప్పది పడును. కడపటి భాగమున ఉద్యమమునకు ద్రవ్యసహాయము చేసినవారి జీవితములను సంపుటీకరించినాడు. కృతజ్ఞతకవి చక్కని నిదర్శనములే గాని పఠితకు పరీక్షలు. అయినను, ఈ విషయము పైన తరువాత వచ్చిన పుస్తకములతో పోల్చినప్పుడు ఇతని ఘనత తెలియును. 1876లో వెలువడిన లెవీ కాఫిన్ స్మృతులందును, 1898లో సీబర్టు వ్రాసిన చరిత్రయందును కథానాయకులు అధికముగా ఆశ్రయమిచ్చిన తెల్లవారు. పరారీలు వారి ఔదార్యమునకు పాత్రులు. స్టిల్ గ్రంథమున పరారీయే నాయకుడు. అతనికి పేరున్నది, వయస్సున్నది, అభిప్రాయమున్నది, యజమానిని గూర్చి చెప్పవలసిన పరుషోక్తియు నున్నది.

1871లో దాస్యవ్యతిరేక సంఘమువారు తీర్మానము చేసి కోరగా స్టిల్ ఈ గ్రంథరచనకు పూనుకొనెను. అప్పటికతడు బొగ్గుల వ్యాపారముచే ధనవంతుడైయుండెను. పుస్తకమును అంగళ్లలో పెట్టక, తానే యేర్పరచుకొన్న ఏజెంట్లచేత ఇల్లిల్లు తిరిగి చందాలు కట్టించి విక్రయించినాడు. నల్లజాతివారు తమ చరిత్రను తామే వ్రాసి, తామే అమ్మి, తామే కొని చదువవలెనని అతని పట్టుదల. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతవార్షిక ప్రదర్శనమున దీనిని ప్రదర్శించిరి. 1902లో అతడు మరణించునాటికి పుస్తకము పలుమార్లు ముద్రితమైయుండెను.

చదువబూనినవారికి నా సలహా యొక్కటే: వరుసగా చదువబోకుడు. ఆరంభముననున్న కాంక్లిన్ వృత్తాంతమును, దానితో చేరిన జాబులను ముందుగా చదువుడు. ఆపైన హిల్ లేఖలను, గారెట్ లేఖలను వెదకి పట్టుకొనుడు. దాతల చరిత్రలను తీరిక దొరికిన వార్ధక్యమునకు విడువుడు. ప్రకటనలు చిన్న యక్షరములలో నున్నవని మాత్రము దాటవేయకుడు. వానిని వేయించినవారు పెద్దమనుష్యులు, వర్తకులు, ధర్మకర్తలు. తమ వీథి పేరు, ఇంటి నంబరు సైతము సిగ్గుపడక వ్రాసికొన్నవారు.